చివరి గడి

ఆమె మామగారి గ్లాసు, కంచం విడిగా నీళ్లలో వేసి మరిగిస్తుంటే, భర్త లాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"కాస్త టైప్ చెయ్యి. పదకొండుకల్లా కమిటీకి పంపాలి."

ఆమె చేతులు తుడుచుకుంది. అతను జిల్లా కరోనా కమిటీలో సభ్యుడు. అతని నోట్లన్నీ ఆమే టైప్ చేస్తుంది. టీకాలు అందరికీ అందాయి కాబట్టి ఇకమీదట ఏం చెయ్యాలన్నది ఈ నోట్. కమిటీ పద్ధతి ప్రకారం పట్టికలో ప్రతి అంశానికీ చివరి గడిలో బాధ్యులెవరో రాయాలి. టీకాలకు ఆరోగ్యాధికారి. పరీక్షలకు ల్యాబులు. మాస్కుల నిబంధన, జబ్బుపడిన వాళ్లకు జీతంతో సెలవు, రెండూ రద్దు.

"టీకా పనిచెయ్యని వాళ్లకి?" అంది.

"వాళ్లు ఇంట్లోనే జాగ్రత్తగా ఉంటారు. బాధ్యులు, కుటుంబం. రాయి."

రాసింది. మామగారికి కిడ్నీ మార్చారు. అందుకు వాడే మందుల వల్ల మూడు డోసుల టీకా వేసినా రక్తంలో రక్షణ కనిపించలేదు. ఆ రిపోర్టు ముందు అర్థమైంది ఆమెకే. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. "ఆర్నెల్లు సెలవు పెట్టు, తర్వాత చూద్దాం" అన్నాడు భర్త. ఆర్నెల్లు రెండేళ్లయ్యాయి. "కోడలుండగా నాకు నర్సెందుకు" అని మామగారు ఫోన్లో అందరికీ చెబుతారు. "నీ ఓపికకి దణ్ణం పెట్టాలి వదినా" అంటుంది ఆడపడుచు. అక్కణ్ణుంచే పెట్టేస్తుంది. నిన్న ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం చేరకపోతే ఉద్యోగం పోయినట్టే.

"ఇలా ఎన్నాళ్లు?"

"అదేగా చెప్పేది. ఎల్లకాలం తలుపులేసుకు కూర్చుంటామా? జనం విసిగిపోయారు."

"కుటుంబమంటే ఎవరు?"

"అదేం ప్రశ్న? మనమే."

"మామయ్యగారికి పొద్దున ఎన్ని మాత్రలు?"

అతను ఫోన్లోంచి తలెత్తలేదు. "నువ్వున్నావుగా. స్నానం చేసొస్తా, తప్పులు చూసి పంపెయ్యి."

లోపలి గదిలో దగ్గు వినిపించింది. నిన్న మీటింగు నుంచి వచ్చి, మాస్కు లేకుండా, తండ్రి మంచం మీదే కూర్చున్నాడు అతను. వద్దంటే, "నీదంతా చాదస్తం" అన్నాడు.

ఆమె చివరి గడిలో 'కుటుంబం' తీసేసి 'కొడుకు' అని రాసింది. పంపింది. సోమవారం వస్తున్నానని ల్యాబుకు రాసింది. తర్వాత ఒక కాగితం మీద పదకొండు మాత్రల పేర్లు, వేళలు రాసి బాత్రూం తలుపుకి అంటించింది. అన్నిటికంటే పైన, ముందు చేతులు కడుక్కోవాలి అని రాసింది.

దగ్గు ఆగలేదు. "అమ్మాయ్!" అని పిలిచారు మామగారు.

అడుగు ముందుకు పడబోయింది. ఆపుకుంది.

"మీ అబ్బాయి వస్తున్నాడండీ" అంది.