చివరి మాట అందుకునే మనిషి

"అమ్మా, కాస్త మెల్లగా. పక్కింటికి వినబడుతోంది."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కోడలు అరుణశ్రీతో ఏదో చెబుతుంటే మా అబ్బాయి జనార్దన్ అన్న మాట అది. దేశం దాటి పుంగ్గోల్‌లో ఈ ఫ్లాటుకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. వంట నాది, బట్టల మడతలు నావి, మనవరాలి టిఫిన్ డబ్బా నాది. గొంతు మాత్రం నాది కాదు. వీడి నాన్నా అంతే. "వీధి చివరికి వినబడుతోందే నీ గొంతు" అనేవాడు అన్నం కలుపుకుంటూ. వీధి చివరి అరుగు మీద కూర్చున్న తనని భోజనానికి పిలవడానికే నేను కేక వేశానన్న సంగతి ఆయనకి తట్టేది కాదు.

ఆ సాయంత్రం మనవరాలు తన్మయి నా పక్కన చేరి, "మాది అండర్‌గ్రౌండ్ గ్రూప్ నాన్నమ్మా" అంది. నా చేతిలో కాయ జారిపోయింది. మా వైపు అండర్‌గ్రౌండ్‌కి వెళ్ళాడంటే అడవిలో అన్నల్లో కలిశాడని అర్థం. మా మేనమామ కొడుకు అలా వెళ్ళినవాడే, మళ్ళీ కనబడలేదు.

"పోలీసులొస్తారా తల్లీ?" అన్నాను గొంతు తగ్గించి.

అది పడీపడీ నవ్వింది. "నో లా, కాదులే నాన్నమ్మా. హార్డ్‌కోర్ హిప్ హాప్. రేడియోలో వెయ్యరు. మాకు కోపమొచ్చినవే రాసుకుని పాడతాం, అంతే."

అంతలోనే ముఖం వాడిపోయింది. దాని జతగత్తె నూర్‌కి గొంతు పూడిపోయిందట. శనివారం సాయంత్రం బుకిట్ బటోక్‌లో వాళ్ళ పాట. "లైన్ చివరి మాట నూర్ అందుకుంటేనే నాకు ఊపిరి తీసుకునే టైముంటుంది. నాన్న ఎలాగూ వద్దంటున్నాడు. మానేస్తా."

"ఏదీ, ఒకసారి వినిపించు" అన్నాను.

ఇక్కడి ఫ్లాట్లలో ఉండే, మేము సామాన్లు పెట్టుకునే ఇనుప తలుపు బాంబు షెల్టర్ గదిలో, సూట్‌కేసుల మధ్య బియ్యం బస్తా మీద కూర్చోబెట్టింది. ఫోన్‌లోంచి ధబ్, ధబ్ అని మొదలైంది. నా ఒళ్ళు జల్లుమంది. ఒక రోలు, రెండు రోకళ్ళు. నేనూ మా తోటికోడలూ వడ్లు దంచేటప్పుడు ఇదే దెబ్బ. రేడియోవాళ్ళు పాటలు పట్టుకోవడానికి మా ఊరొస్తే అత్తగారు మా చేత సీతమ్మవారి పాట పాడించింది. మేమిద్దరమే ఉంటే వేరే పాట. "అత్త తిన్నాకే అన్నం" అని నేనంటే "అన్నం" అని తను అందుకునేది. ఆ ఒక్క మాటలోనే నాకు ఊపిరి. తర్వాత ఊళ్ళోకి మిల్లు వచ్చింది. భుజాల నొప్పి పోయింది, దాంతో నోరూ పోయింది.

తన్మయి మొదలుపెట్టింది. "తల దించుకుని నడవమన్నారు."

"నడవమన్నారు" అన్నాను, బస్తా మీద చరిచి.

అది ఆగిపోయి నన్ను చూసింది. "నాన్నమ్మా, శనివారం వస్తావా?"

నేను జవాబు చెప్పేలోపు ఇనుప తలుపు తెరుచుకుంది. జనార్దన్. "అమ్మా, ఈ వయసులో నీకిదేమిటి? పక్కింటికి వినబడుతోంది."

"శనివారం సాయంత్రం నేనుండను నాయనా, కూర నువ్వే వండుకో" అన్నాను. తర్వాత తన్మయి వైపు తిరిగి, బస్తా మీద దెబ్బ వేసి, వాడి చివరి మాట అందుకున్నాను.

"వినబడుతోంది."