తీగ లేని ఇస్త్రీ పెట్టె

పొద్దున్నే లాండ్రీ తలుపు తీయగానే పెద్దన్నయ్య చేసే మొదటి పని చెల్లెల్ని ఒక మాట అనడం. కౌంటరు తుడవడం, రాత్రి లోపల పెట్టిన బోర్డు బయట పెట్టడం ఆ తరవాతే. మాట ఏదైనా ఫరవాలేదు. కాఫీ చల్లారిపోయిందనేవాడు. నిన్నటి మడత వంకరగా ఉందనేవాడు. ఏమీ తోచకపోతే "ఇప్పుడా లేవడం మహారాణీగారు?" అనేవాడు. ఆ మాటకి ఆమె అరచేతులు వేడెక్కేవి. వేడెక్కిన చేతులతో ఇనప పెట్టె పట్టుకునేది. ఆ పెట్టెకి తీగ లేదు, బొగ్గులు పోసే గూడూ లేదు. అడుగు కాలేదాకా కాసేపు అలాగే నిలబడి, నీళ్ళు చిలకరించి చుట్టిపెట్టిన చొక్కా ఒకటి లాక్కుని పని మొదలుపెట్టేది.

అన్యాయం జరిగితే ఆమె చేతులు కాలతాయని వీధిలో అందరికీ తెలుసు. ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఒకరికి పిల్లికళ్ళు ఉంటాయి, ఈమెకిది. పట్టుబట్టలు ఇచ్చేవాళ్ళు మాత్రం మధ్యాహ్నం తెచ్చేవారు, పొద్దుటి వేడికి తట్టుకోవని.

ఇంట్లో ఆమెని చిన్నది అనేవారు. పాపిట్లో నెరుపు వచ్చాక కూడా చిన్నదే. తండ్రి ఉన్నన్నాళ్ళూ బొగ్గుల పెట్టెతోనే ఇస్త్రీ సాగేది. ఆయన పోయాక షాపు ఎవరిదన్న మాట వచ్చింది. అది అన్నదమ్ములదని, ఆడపిల్లకి తిండికీ నీడకీ లోటుండదని పెద్దన్నయ్య తేల్చి చెప్పాడు. అప్పుడామె పట్టుకుని ఉన్న తలుపు చెక్క మీద అయిదు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. నడిపన్నయ్య ఆ అచ్చు చూసి తల దించుకున్నాడు. పెద్దన్నయ్య కూడా చూశాడు. ఆ వారం నుంచి బొగ్గులు కొనడం మానేశాడు.

కాలం గడిచేకొద్దీ అతనికి కొలత కూడా కుదిరింది. పట్టుకి ఒక చిన్న విసుగు చాలు. నూలు చొక్కాలకి పనిలో వంక పెట్టాలి. మందపాటి కోట్లూ తెరలూ వచ్చినప్పుడు మాత్రం ఆగిపోయిన పెళ్ళి ఎత్తేవాడు. "నిన్ను చేసుకునేవాడు పుట్టాలా ఏంటి ఇంకా?" అనేవాడు. పుట్టినవాడు ఒకడు వచ్చాడు. గుమ్మంలోంచే అతన్ని వెనక్కి పంపింది పెద్దన్నయ్యే, షాపులో మనిషి తక్కువవుతుందని. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలుసు గనకే కోటు మెడలు కత్తి అంచులా నిలబడేవి. వీధిలో వాళ్ళు ఆ మడతల్ని మెచ్చుకునేవారు. అవి ఎలా పడుతున్నాయో ఎవరూ అడగలేదు. బట్టలు బావుంటే చాలనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ.

పక్క వీధిలో ఒక దర్జీ ఆవిడ ఉండేది. ఒంటరి మనిషి, మాట తక్కువ. చిన్నది సరదాకి విప్పి కుట్టిన కోటు ఒకటి ఆమె కంటపడింది. భుజం దగ్గర కుట్టుని తిప్పి తిప్పి చూసి, తనతో వచ్చి పని చెయ్యమని, కత్తిరింపు నేర్పుతానని, షాపులో సగం వాటా ఇస్తానని చెప్పింది. చిన్నది ఆ మాట ఇంట్లో చెప్పింది.

పెద్దన్నయ్య నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు.

"నువ్వెళితే ఇస్త్రీ ఎవరు చేస్తారే?"

"కరెంటు పెట్టె కొనుక్కో అన్నయ్యా."

"ఇంట్లో నిప్పు పెట్టుకుని కరెంటు కొనాలా?"

అతని భార్య, వదిన, అందుకుని, ఆడబడుచు పరాయి షాపులో కత్తెర పట్టుకుంటే తమకి తలవంపులంది. ఇంట్లో ఇనప పెట్టె పట్టుకుంటే ఎందుకు తలవంపులు కావో మాత్రం చెప్పలేదు. రెండు రోజులు వాదన నడిచింది. ఆ రెండు రోజులూ ఉతుకుకి వచ్చిన ఆస్పత్రి దుప్పట్లన్నీ చకచకా ఇస్త్రీ అయిపోయాయి.

తండ్రి పెట్టిపోయిన పద్ధతి ఒకటి ఆ ఇంట్లో ఉంది. నోటితో తేలని తగాదా ముక్కలతో తేలాలి. సెలవురోజు మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని పోకర్ ఆడేవారు. చేతిలో ఎవరికి వాళ్ళకి రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. పందెం డబ్బు కాదు, గుండీలు. ఉతుకులో తెగిపోయి, ఏ చొక్కావో తెలియక మిగిలిపోయిన గుండీలన్నీ ఒక సీసాలో ఉండేవి. నలుగురికీ సమానంగా పంచుకునేవారు. తగాదాపడ్డ ఇద్దరిలో ఎవరి గుండీలు ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు, గెలిచినవాళ్ళని ఎవరూ ఆపకూడదు. పైగది వదినకి వచ్చింది అలాగే. గోడలకి నీలం రంగు వేయిద్దామన్న నడిపన్నయ్య కోరిక పోయిందీ అలాగే.

చిన్నది మాత్రం ఎప్పుడూ ఓడేది. కారణం అందరికీ తెలుసు. బల్ల మీద పరిచిన ఇస్త్రీ దుప్పటి మీద నీళ్ళు చిలకరించడం లాండ్రీ వాళ్ళకి అలవాటు. ఆటలో చేతులు బల్ల మీదే ఉండాలన్నది తండ్రి నియమం. చెత్త ముక్కలు పడితే అది కూడా ఆమెకి అన్యాయంగానే తోచేది. అరచేతుల కింద తడి ఆవిరై లేచేది. అది చూసి మిగతావాళ్ళు పందెం పెంచేవారు. మంచి ముక్కలు పడితే చేతులు చల్లగా ఉండేవి, ఆవిరి ఉండేది కాదు. అది చూసి అందరూ ఆ పందెం వదులుకుని తమ ముక్కలు కింద పడేసేవారు. గెలిచినా ఆమెకి నాలుగు గుండీలకి మించి వచ్చేవి కావు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఆట మధ్యలో పెద్దన్నయ్య నోరు జారితే లేచిన ఆవిరి మాటదో ముక్కలదో తెలిసేది కాదు.

ఈసారి వదిన ఆ ఇబ్బంది కూడా లేకుండా చూసింది. ముందురోజే మొగుణ్ణి పెరట్లోకి పిలిచి చెప్పింది. "రేపు దాన్ని ఎవరూ ఒక్క మాట అనకండి. పొద్దున లేచిన దగ్గర్నుంచీ. అప్పుడు ఆవిరి లేస్తే అది ముక్కల ఆవిరే." అతను తల ఊపాడు. నోరు కట్టుకోవడం అతనికి ఉపవాసం లాంటిది. అయినా ఒక్క పూటే కదా అనుకున్నాడు.

ఆ పొద్దున చిన్నది లేచేసరికి కాఫీ కలిపి ఉంది. వదిన చేతికందించింది. పెద్దన్నయ్య పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. స్నానానికి నీళ్ళు తోడిపెట్టారు. ఏం జరుగుతోందో ఆమెకి మొదట అర్థం కాలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదేమో అనుకుంది.

మధ్యాహ్నం బల్ల దగ్గర తండ్రి కుర్చీ, దిండు ఉన్నది, ఆమె వైపు జరిపారు. అందులో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. వదిన నీళ్ళు చిలకరించింది. మిగతా బల్లంతా మామూలుగా చిలకరించి, ఆడబడుచు ముందు మాత్రం మరో దోసెడు చల్లింది. నడిపన్నయ్య ముక్కలు కలిపాడు. అతను అన్ని మూటలూ ఇంటింటికీ మోసేవాడు, ఎవరి మాటా మోసేవాడు కాదు.

ఆట నెమ్మదిగా ఆమె మీదకి వాలింది. చెత్త పడ్డప్పుడల్లా ఆవిరి లేచింది, గుండీలు పోయాయి. మంచివి పడ్డప్పుడు అందరూ మర్యాదగా తప్పుకున్నారు. "బాగా ఆడావమ్మాయ్" అంది వదిన. చిన్నదాని ముందు ఉన్న గుండీల కుప్ప సగానికి తగ్గింది. ఇది పోతే కత్తెర మాట ఈ ఇంట్లో మళ్ళీ పుట్టదు. తన చేతులు ఆ ఇనప పెట్టెకే అంటుకుని ఉంటాయి, చచ్చేదాకా.

అప్పుడు ఆమెకి రెండు ఏడులు పడ్డాయి. గొప్పవి కావు, చెడ్డవీ కావు. చేతులు గోరువెచ్చగా ఉన్నాయి. కొద్దిగా పెట్టి ఊరుకుంది. పెద్దన్నయ్య కూడా పెట్టాడు. నడిపన్నయ్య అందరికీ కలిపి మూడు ముక్కలు పరిచాడు: ఏడు, రాజు, నాలుగు.

మూడు ఏడులు. ఆమె అరచేతులు బావి గట్టులా చల్లబడ్డాయి. ఇప్పుడు గుండీలన్నీ ముందుకి తోస్తే అన్నయ్య చల్లదనం చూసి ముక్కలు పడేస్తాడు, నాలుగు గుండీలు వస్తాయి, అంతే. తోయకపోతే ఇలాంటి ముక్కలు మళ్ళీ రావు. ఏదో ఒక మాట అంటే బావుండునని మొదటిసారి ఆమె మనసులో కోరుకుంది. ఎన్నో ఏళ్ళుగా అడక్కుండా ఇచ్చినది ఈ ఒక్కసారి అడిగినా దొరికేలా లేదు. తనంతట తాను కోపం తెచ్చుకుందామని చూసింది. ఆగిపోయిన పెళ్ళి తలుచుకుంది. అది వాడి వాడి అరిగిపోయి ఉంది. వేడి పుట్టలేదు. పందెం తోయకుండా వేళ్ళతో బల్ల తట్టి తన వంతు దాటించింది. వదిన, నడిపన్నయ్య తమ ముక్కలు పడేశారు.

నాలుగో ముక్క పడింది. ఇంకో రాజు. పెద్దన్నయ్య కనురెప్పలు ఒక్కసారి ఆడాయి. అతను కాసిని గుండీలు తోసి, చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఆలోచిస్తోంది. తొందరపెడితే కోపం వస్తుందేమోనని భయపడి, గొంతు బాగా మెత్తన చేసుకుని అన్నాడు:

"నెమ్మదిగా ఆడు చిన్నా. తొందరేం లేదు. పొద్దస్తమానం నిలబడే ఉంటావు, కాళ్ళు నొప్పి పుడుతున్నాయేమో, దిండు తీసి పాదాల కింద పెట్టుకో."

ఆమె అతని మొహంలోకి చూసింది.

కాళ్ళు నొప్పి పుడతాయని అతనికి తెలుసు. తెలియక కాదు. కాఫీ ఎంత వేడిగా ఉంటే తనకి ఇష్టమో వదినకి తెలుసు, పొద్దున సరిగ్గా అంతే వేడిగా ఇచ్చింది. పక్కకి తప్పుకుని దారి ఇవ్వడం ఈ ఇంట్లో వాళ్ళకి వచ్చు. మెత్తగా మాట్లాడటం వచ్చు. ఇదంతా వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచో ఉంది, మడత నలగకుండా బీరువాలో పెట్టిన బట్టలాగ. ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా తీసి వాడలేదు. ఇవాళ తీశారు, తనని ఓడించడానికి.

ముందు ఒక సన్నటి పోగులా లేచింది ఆవిరి. తరవాత రెండు చేతుల చుట్టూ దట్టంగా లేచి, గడ్డం దాకా వచ్చింది. దుప్పటి కాలిన వాసన కొట్టింది. చేతి దగ్గరున్న ఒక గుండీ మెత్తబడి వంగిపోయింది.

వదిన మొగుడి కాలు తొక్కింది. ఎవరూ ఏమీ అనలేదు కదా. పొద్దుట్నుంచీ మర్యాద తప్ప ఇంకేమీ జరగలేదు. ఇది ముక్కల ఆవిరే. ఎంత చెత్త ముక్కలై ఉంటే ఇంత ఆవిరి లేవాలి?

ఇదే సమయమని చిన్నదానికి తెలిసింది. చివరి ముక్క దాకా ఆగితే వేడి ఉంటుందో ఉండదో. రెండు ముంజేతులూ కుప్ప వెనక పెట్టి మొత్తం ముందుకి తోసింది.

"ఉన్నదంతా పెట్టేస్తున్నాను."

పెద్దన్నయ్య ఆ పొగమంచులోంచి చెల్లెల్ని జాలిగా చూశాడు. పాపం, ఉక్రోషం పట్టలేక మీద పడుతోంది అనుకున్నాడు. తన కుప్ప కూడా మొత్తం తోశాడు, సరిగ్గా అంత అక్కర్లేకపోయినా. వదిన ఒప్పుకోలుగా నవ్వింది. ఎవరి దగ్గర ఎన్ని గుండీలున్నాయో అన్నాచెల్లెళ్ళు లెక్క చూసుకోవడం ఎందుకని, తగాదా ఈ ఒక్క ఆటతోనే తేలిపోవాలని అతనే అన్నాడు. ఆమె సరేనంది.

అతను ముక్కలు తిప్పాడు. రాజు, ఆసు. బల్ల మీద రాజులతో కలిపి మూడు రాజులు. ఆమె తిప్పింది. ఏడు, ఏడు. మూడు ఏడులు, రెండు రాజులు.

మూడూ రెండూ కలిస్తే ఉత్త మూడు రాజుల కంటే పెద్దదే. కానీ ఇంకా ఒక ముక్క ఉంది. ఆసు పడితే అతనికీ మూడూ రెండూ కలుస్తాయి, రాజులు పెద్దవి కనక ఆట అతనిది. నాలుగో రాజు పడినా అతనిదే. నాలుగు పడితే కూడా. నడిపన్నయ్య చెయ్యి కట్ట మీద ఆగింది. అతను చాలాసేపు ఆ చెక్క తలుపు వైపు, అందులోని అయిదు వేళ్ళ వైపు చూసి, ముక్క తీసి పెట్టాడు.

తొమ్మిది.

"ఆవిరి వచ్చిందిగా" అన్నాడు పెద్దన్నయ్య. మోసపోయినవాడి గొంతు అది. "ఆవిరి వచ్చిందంటే ముక్కలు బాలేవనేగా? మేం ఒక్క మాటైనా అన్లేదే నిన్ను."

"అన్లేదు అన్నయ్యా" అంది ఆమె లేస్తూ. "అనకుండా ఉండగలవని నాకు ఇన్నాళ్ళూ తెలీదు."

మర్నాడు పొద్దున ఆమె పక్క వీధికి వెళ్ళింది. ఇనప పెట్టె వెంట తీసుకెళ్ళింది. దాంతో ఇంట్లో ఎవరికీ పని లేదు కనక ఎవరూ ఆపలేదు. దుప్పటి మీద రెండు అరచేతుల అచ్చులు గోధుమరంగులో మిగిలిపోయాయి. ఎన్నిసార్లు ఉతికినా పోలేదట. లాండ్రీ వాళ్ళ ఇంట్లో అంతకంటే అప్రదిష్ట ఏముంటుంది?

లాండ్రీలోకి తీగ ఉన్న పెట్టె వచ్చింది. దానికి మాటలతో పని లేదు. అందుకని పెద్దన్నయ్య గొంతు పెంచడం క్రమంగా మానేశాడు.

దర్జీ షాపులో చిన్నది పొద్దుటిపూట కత్తిరిస్తుంది, సాయంత్రం ఆ ఇనప పెట్టె బరువుతో కుట్లు అణుస్తుంది. అక్కడ ఆమెని ఎవరూ ఏమీ అనరు. చేతులు మామూలుగా చల్లగా ఉంటాయి, అంచేత పట్టు ధైర్యంగా ముట్టుకుంటుంది. ఆమధ్య ఒక ఖాతాదారు కోటు కొలతలిస్తూ మాటల్లో అన్నాడు, "మీ అన్నయ్యగారి షాపుకి వెళ్ళానండీ. ఎంత మెత్తటి మనిషండీ! నిలబడితే కాళ్ళు నొప్పి పుడతాయని నాకు కుర్చీ వేశారు."

ఆమె అవునండీ అంది. పక్కనున్న మందపాటి కోటు ఒకటి బల్ల మీద పరిచి, మెడ పట్టీ మీద నీళ్ళు చిలకరించి, పెట్టె జోలికి పోకుండా ఉత్త అరచెయ్యి ఆనించింది. ఆ మడత ఇప్పటికీ చెదరలేదు.