వేరు పట్టిన గరిక

సూరత్ శివార్లలో, కామ్‌రేజ్ దగ్గర హైవే పక్కన కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల సొసైటీలో తోటమాలీగా కుదిరేనాటికి సాంబయ్యకు మొక్కల గురించి తెలిసింది అంతంత మాత్రమే. పడుచు వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మనిషి. అప్పటినుంచీ ఉధ్నాలో ఓ బట్టల కార్ఖానాలో, సాంచాలనే మరమగ్గాల మధ్యే బతికాడు. ఆ మోతకు ఎడమ చెవి దాదాపు పోయింది. కార్ఖానాలో కొత్త మిషన్లు దిగాక పాతవాళ్లను ఒక్కొక్కరినే పక్కన పెట్టారు. ఆ సొసైటీ కమిటీలో పద్మిని అనే తెలుగావిడ ఉందని ఎవరో చెబితే వెళ్లి అడిగాడు. ఆమెది రాజమండ్రి వైపు, హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. మొక్కల పని తెలుసా అని ఆమె అడిగింది. తెలియదు, నేర్చుకుంటానన్నాడు. సరేనంది.

ఎండాకాలం నడిమధ్యలో లారీ మీద పచ్చిక వచ్చింది. గడ్డిని కూడా చాపల్లా చుట్టి అమ్ముతారని సాంబయ్య ఎన్నడూ వినలేదు. కాంట్రాక్టర్ మనుషులు ఒక్కో చుట్టనూ నేలమీద పెట్టి దొర్లిస్తుంటే, నల్లమట్టి మీద పచ్చదనం పరుచుకుంటూ పోయింది. పొద్దున దుమ్ము లేచిన చోట సాయంత్రానికి కళ్లు చల్లబడేంత పచ్చిక. పని మానేసి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. డిండోలిలో ఇంటికి పోయి భార్య లలితమ్మకు కథలా చెబితే, ఆమె నమ్మలేదు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఎండలు ముదిరాయి, వడగాలి మొదలైంది. పచ్చిక ముందు కళ తప్పింది. తర్వాత అంచులు పసుపెక్కాయి. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులు విచ్చుకుని వేలు పట్టేంత సందులు పడ్డాయి. ప్రహరీగోడ పక్కనైతే ఎండుగడ్డే మిగిలింది. సాంబయ్యకు అన్నం సయించలేదు. ఎండ మండేటప్పుడే దానికి దాహమవుతుందనుకుని, మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకుని నీళ్లు పోశాడు. పోసినకొద్దీ అది ఇంకా మాడింది. కాంట్రాక్టర్ వచ్చి బూటు కాలితో ఓ ముక్కను తన్ని చూసి, "కాఢీ నాఖో" అన్నాడు. అంతా పీకి పారేసి, వానలు పడ్డాక కొత్తది వేసుకోమన్నాడు. కమిటీలో చాలామంది అదే మంచిదన్నారు.

ఆదివారం మధ్యాహ్నం పద్మిని తన ఫ్లాట్ నుంచి కిందికి దిగింది. నీళ్లు ఎలా పోస్తున్నారో ఒకసారి చూపించమంది. సాంబయ్య కొళాయి తిప్పాడు. ఆమె పైపు కింద చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. పొద్దుటినుంచీ ఎండలో సిమెంటు మీద పడి ఉన్న పైపు అది. అందులో నిలిచిన నీళ్లు మసిలిపోతున్నాయి. సాంబయ్య తనూ పట్టి చూశాడు. గబుక్కున కొళాయి కట్టేశాడు.

"గీ చేతులతోనే కాల్చిన గద మేడం," అన్నాడు.

"సెలవున్నప్పుడల్లా పైనుంచి నేనూ చూస్తూనే ఉన్నాను సాంబయ్యగారూ. నాకూ తట్టలేదు," అంది పద్మిని.

పీకక తప్పదేమోనన్న దిగులుతో అతను మధ్యలో ఓ ముక్క అంచు పట్టుకుని లాగాడు. పాత గుడ్డపేలికలా ఊడి వస్తుందనుకున్నాడు. రాలేదు. రెండు చేతులతో పట్టి లాగితే జానెడు మేర మాత్రం పైకి లేచింది. దాని కిందినుంచి తెల్లటి వేళ్లు, సన్నగా, తడితడిగా, నల్లమట్టిలోకి దిగి ఉన్నాయి. సాంబయ్య మోకాళ్ల మీద కూర్చుని వంగి చూశాడు. పైన అంతా మాడిన గడ్డి. కింద పాలలాంటి తెలుపు. వేలితో తాకబోయి, తెగుతాయేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంత వేడిలో, ఎవరూ చూడని చీకట్లో, దాని పని అది చేసుకుంటూనే ఉంది.

"దీంట్ల పాణమున్నది మేడం," అన్నాడు మెల్లగా.

పద్మిని కూడా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రమే కమిటీతో మాట్లాడి, వానలు పడేదాకా గడువు తీసుకుంది.

లలితమ్మకు చూపిద్దామని సాంబయ్య మాడిన పోచలు కొన్ని జేబులో వేసుకుపోయాడు. ఆమె వాటిని వేళ్ల మధ్య నలిపి, కణుపులు తడిమి నవ్వింది.

"ఇది గరికనే గదయ్యా," అంది. పెళ్లికి ముందు ఆమె కూలికి పోయిన చేలల్లో గరిక పీకడమే పని. తవ్వి, ఏరి, గట్టు మీద ఎండేస్తే, ఒక్క వాన పడగానే మళ్లీ లేచేది. "దీన్ని సంపాలని మా తాతల కాలంకెల్లి సూసిండ్రు. ఎవ్వలతోని కాలే. నీతోని అయితదా?"

చాలా రోజుల తర్వాత సాంబయ్య కడుపునిండా తిన్నాడు.

పద్మిని ఓ నర్సరీ ఆయనకు ఫోన్ చేసి వివరాలు అడిగింది. తెల్లవారగానే, నీళ్లు గడ్డిని దాటి కింది మట్టిదాకా దిగేలా నిదానంగా తడపాలి. మధ్యాహ్నం వడలినట్టు కనిపిస్తేనే, పైపులో వేడినీళ్లు డ్రమ్ములోకి వదిలేసి, చల్లటివి పైపైన చిలకరించాలి. అతుకుల్లో ఇసుకా ఎరువుమట్టీ కలిపి నింపాలి. గోడ పక్కన నీడ కోసం పచ్చ నెట్ కట్టాలి. యూరియా వద్దు, కోత వద్దు, అడుగు పడొద్దు. సాంబయ్య చుట్టూ తాడు కట్టి కాపలా కూర్చున్నాడు. త్వరగా లేస్తుంది, కాస్త యూరియా చల్లమని సలహా చెప్పినవాళ్లకు దండం పెట్టి పంపేశాడు.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఒక ఉదయం అతుకు పక్కన సూదిమొనంత పచ్చ కనిపించింది. తన కళ్లనే అనుమానించి వంగి చూశాడు. మర్నాటికి ఇంకొన్ని. తర్వాత తీగలు పాకడం మొదలెట్టాయి. సాయంత్రం సందుకు ఇవతల ఉన్న కొస, పొద్దునకు అవతలి అంచును అందుకునేది. కణుపు కణుపు దగ్గరా ఆగి వేరు దించుకుని, మళ్లీ ముందుకు సాగేది. సాంచాకాడ పోగు తెగితే మనిషే పోయి ముడి వెయ్యాలి. ఇక్కడ తెగినదే తనను తాను అతుక్కుంటోంది. డ్యూటీకి ముందే వచ్చి దాని పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు. గోడ పక్కది మాత్రం తిరిగి రాలేదు. వేరేచోటి నుంచి పిలకలు తెచ్చి నాటితే కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. అక్కడ ఇప్పటికీ బోసిగానే ఉంటుంది.

మబ్బులు ఇంకా పట్టకముందే తాడు విప్పారు. సాయంత్రమైనా ఎండ తగ్గలేదు. ముందు మీరే నడవాలని పద్మిని పట్టుబట్టింది. సాంబయ్య చెప్పులు విడిచి, కాలుతున్న బండల మీద గబగబా నాలుగు అంగలు వేసి పచ్చికలోకి దిగాడు. దిగి, అలాగే నిలిచిపోయాడు. పాదాల కింద చల్లగా ఉంది. వంగి ఒక చెయ్యి బండ మీదా, ఒక చెయ్యి గడ్డి మీదా పెట్టి చూశాడు.

"ఎండ ఒక్కటే గద మేడం. రాయి గింత కాలుతున్నది. దీని మీద వడ్డ ఎండంత ఏడికి వోతున్నది?"

"ఆకుల్లోంచి నీళ్లు ఆవిరవుతాయి కదా, అప్పుడు వేడిని..." అని మొదలుపెట్టింది పద్మిని. ఎప్పుడో చదువుకున్న సంగతే. కానీ సగంలో ఆగి, తన చెప్పులు కూడా విడిచి, మెల్లగా పచ్చిక మీద అడుగుపెట్టింది.