అమాయకురాలి ప్రమాణపత్రం

"'అమాయకురాలు' అన్నచోట ఒక్క అక్షరం కూడా చెదరకూడదు థెల్మా. విచారణ చేసేవాళ్ల కళ్లు ముందు పడేది అక్కడే," అన్నాడు వారెన్, వంటింట్లో కిటికీకీ సింకుకీ మధ్య పచార్లు చేస్తూ.

థెల్మా టైపు చేసింది. ఓవెన్‌లో మాంసం వేగుతోంది. ఆదివారం భోజనానికి వచ్చిన అత్తగారు ముందుగదిలో కూర్చుని ఉంది. పదినిమిషాలకోసారి లేచి మాంసం మాడకుండా తిప్పాలి, బంగాళదుంపలు ఉడికాయో లేదో చూడాలి, మళ్లీ వచ్చి మిషను ముందు కూర్చుని తనకు బుర్ర లేదని తన చేత్తోనే టైపు చేయాలి.

"రాయి. 'అప్పుడు నా వయసు ఇరవై. లోకం తెలియదు. నాతోపాటు హాస్టల్ గదిలో ఉండే ఫ్లోరా బెకిట్ నన్ను ఆ సభకు తీసుకెళ్లింది. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నానో నాకు అర్థం కాలేదు. రాజకీయాలు, లెక్కలు నా తలకెక్కవు. ఇప్పటికీ అలాంటివన్నీ నా భర్తకే వదిలేస్తాను.' అయిందా?"

"అయింది," అంది థెల్మా.

పదిరోజుల కిందట ప్రభుత్వ విచారణ సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది, వ్యవసాయశాఖలో వారెన్ బల్ల మీదికి. రష్యా వాడు అణుబాంబు చేశాడు, కొరియాలో మనవాళ్లు చస్తున్నారు, ఇంకేం, వాషింగ్టన్‌లో ప్రతి ఆఫీసులోనూ, ఇళ్లలో పరుపుల కింద కూడా కమ్యూనిస్టుల్ని వెతుకుతున్నారు. పదహారేళ్ల కిందట, యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన స్పెయిన్ పిల్లలకు పాల డబ్బాలు పంపాలని కాలేజీలో పెట్టిన సభ ఇప్పుడు కమ్యూనిస్టుల సభ అయి కూర్చుంది. అక్కడి విజ్ఞప్తి కాగితం మీద మీ భార్య సంతకం ఉంది, మీ విధేయత మీద మాకు అనుమానం ఉంది, సంజాయిషీ ఇచ్చుకోండి అని రాశారు. అప్పట్నుంచి పక్కింటివాళ్లు కంచె దగ్గర పలకరించడం మానేశారు. ఎనిమిదేళ్ల జూడీని క్లాసులో ఒక పిల్ల పుట్టినరోజుకు రమ్మని పిలిచి, మళ్లీ ఫోన్ చేసి వద్దన్నారు. "ఒకటే దారి. ఆవిడకి ఏమీ తెలియదని ఆవిడ చేతే చెప్పించండి," అన్నాడు వకీలు. థెల్మా ఆ పక్క కుర్చీలోనే ఉంది. ఆయన వారెన్‌తోనే అన్నాడు.

ఏమీ తెలియకపోవడమేమిటి! ఆ విజ్ఞప్తిలో ప్రతి వాక్యమూ తను రాసిందే. మూడు రాత్రులు కొట్టేసి, మళ్లీ రాసి, చదివి వినిపిస్తే గదిలో ఆడపిల్లలంతా కళ్లు తుడుచుకున్నారు. ఫ్లోరా జలుబుతో మూలుగుతూ పడుకుంటే దుప్పటి లాగేసి సభకు లాక్కెళ్లింది తనే. ఆ ఫ్లోరా ఇప్పుడు ఒహాయోలో పిల్లలకు చరిత్ర చెప్పుకుని ముసలితల్లిని పోషిస్తోంది. ఇలాంటి కాగితంలో పేరు పడితే చాలు, టీచర్లను మర్నాటికల్లా ఇంటికి పంపేస్తున్నారు. ఇక లెక్కలు! ఈ ఏడాది గోధుమ ఎంత పండుతుందో వారెన్ పైవాళ్లకు పంపే అంచనాలు ఎనిమిదేళ్లుగా ఈ వంటింటి బల్ల మీద, గిన్నెలు కడిగాక, తయారవుతున్నాయి. ఆయనకు ప్రమోషన్ వచ్చిన రోజు విందులో "మా థెల్మాకి చిల్లర ఎంచడం కూడా రాదండోయ్" అని ఆయనంటే అందరూ పగలబడి నవ్వారు. పళ్లెం పట్టుకుని తిరుగుతూ తనూ నవ్వింది. ఛీ, ఎందుకు నవ్వాను అని ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

"ఫ్లోరా పేరు తీసేద్దాం వారెన్. నేనే వెళ్లానని రాద్దాం."

"మతిపోయిందా నీకు? నువ్వే వెళ్లానంటే ఇంక అడిగేదేముంది? నా ఉద్యోగం ఊడుతుంది, ఇల్లు పోతుంది. జూడీని తీసుకుని ఎక్కడికి పోతాం చెప్పు?"

"మరి ఫ్లోరా ఎక్కడికి పోతుంది?"

వారెన్ కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. "భయంగా ఉందే. నిజంగా భయంగా ఉంది," అన్నాడు. థెల్మా ఆయన తల పొట్టకు ఆనించుకుంది. తనకూ భయంగానే ఉంది. ఈ మనిషి మీద జాలి, ఈ మనిషి మీదే చెప్పలేనంత కోపం. రెండూ ఒక్కసారే వచ్చాయి.

అలికిడికి అత్తగారు లోపలికి వచ్చింది. "చూడమ్మాయ్, మగాడి ఉద్యోగం నిలబడుతుందంటే ఆడది కాస్త తెలివితక్కువదైతే ఏం కొంపలు మునిగాయి? నలభై ఏళ్లు నేను అలాగే నెట్టుకొచ్చాను."

"నిజంగానే తెలియదా అత్తయ్యా, తెలియనట్టు ఉన్నారా?"

"ఇప్పుడు నాకే గుర్తులేదు," అంటూ ఆవిడ వడ్డించడానికి పళ్లాలు తీసింది.

ఆ మాట థెల్మాను ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నటిస్తూ నటిస్తూ ఉంటే ఒకరోజున లోపల నిజంగానే ఏమీ మిగలదన్నమాట. పెళ్లయి పద్నాలుగేళ్లు అయిపోయాయి. ఇంకెన్నాళ్లు పడుతుంది నాకు? సంతకం పెడితే ఫ్లోరా పోతుంది, నేనూ పోతాను. పెట్టకపోతే ఈ గోడలు పోతాయి, వారెన్ నా మొహం చూడడు. దేవుడా, మూడోదారి లేదా అని చీకట్లో ఎంత వెతికినా దొరకలేదు.

సోమవారం పదింటికి వకీలు ఆఫీసులో ప్రమాణం చేయించడానికి ముద్ర పట్టుకుని ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లజోడు సర్దుకుని కాగితం ముందుకు జరిపింది.

"ఇందులో రాసిందంతా నిజమేనని ప్రమాణం చేస్తున్నారా?"

"చేస్తోందండీ," అన్నాడు వారెన్.

"మిమ్మల్ని కాదండీ. ఆవిణ్ని అడుగుతున్నాను."

ఈ పదిరోజుల్లో థెల్మా ఏమంటుందో వినాలని ఒక మనిషి ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. వారెన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి. రేపట్నుంచి ఈ చెయ్యి తనను ముట్టుకోకపోవచ్చని ఆమెకు తెలుసు. మెల్లగా విడిపించుకుంది. బల్ల మీద ఫ్లోరా పేరున్న కాగితాలు నకళ్లతో సహా తీసి మడిచి, సంచిలో పెట్టుకుంది.

"కాదండీ, నిజం కాదు. నన్నెవరూ తీసుకెళ్లలేదు. ఆ సభకు నేనే వెళ్లాను, అక్కడి విజ్ఞప్తి రాసిందీ నేనే."

"థెల్మా!" అన్నాడు వారెన్.

వకీలు గబగబా అందుకున్నాడు. "ఆవిడ కంగారులో ఉన్నారండీ. అమ్మా, మీరేం చేశారో అప్పుడు మీకు తెలియదు, అంతే కదా?"

"తెలిసే చేశానండీ," అంది థెల్మా.