రెగ్యులేటర్ దాకా వెళ్లిన చెయ్యి

నేను ఒక గ్యాస్ గొట్టాన్ని. గొట్టమే కదా అని తీసిపారేయకండి, సిలిండరులోని గ్యాసును పొయ్యి దాకా మోసేదాన్ని నేనే. ఒంటిమీద నారింజ రంగు, లోపల ఉక్కు తీగల అల్లిక, వీపు మీద గడువు తేదీ. ఐదేళ్లు దాటాక నన్ను నమ్మొద్దని నన్ను చేసినవాళ్లే అచ్చేసి పంపారు. ఇంత నిజాయితీగా పుట్టిన మనిషి ఒక్కడుంటే చూపించండి!

బొబ్బిలిలో కూర్మారావు ఇంట్లో నన్ను బిగించారు. జూట్ మిల్లులో టైమ్‌కీపరు ఆయన. మిల్లంతటికీ టైము చూసే ఆ మహానుభావుడు నా టైము ఒక్కనాడూ చూడలేదు. ఆయన భార్య వరహాలమ్మ, నాకు జిడ్డంటుతోందని పాత జాకెట్టు గుడ్డతో తొడుగు కుట్టింది. ప్రేమే, కాదనను. ఆ తొడుగు కింద తేదీ దాక్కుంది. ఏడో ఏట నా మీద పడ్డ చీలికా దాక్కుంది.

గ్యాసు కారుతుంటే అరవడానికి నాకు నోరేదీ? ఆ కుళ్లు వాసనే నా కేక. రెండు రోజులు కేకేశాను. ఎలక చచ్చుంటుందన్నాడు కూర్మారావు. పాపం వరహాలమ్మ బియ్యం డబ్బాలన్నీ జరిపి వెతికింది. తొడుగు విప్పి కాస్త సబ్బు నురగ రాస్తే బుడగలే చెప్పేవి. ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

మూడో పొద్దున, రాత్రంతా మూసి ఉన్న వంటింట్లో అడుగుపెట్టగానే ఆమెకు అర్థమైపోయింది. వాసనొస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికెళ్లి ఫోను చెయ్యాలని సిలిండరు తెచ్చే సన్యాసిరావు ఎప్పుడో చెప్పాడు. ఆమె మరిచిపోలేదు. వంగి చెయ్యి చాచింది. రెగ్యులేటర్ జానెడు దూరంలో ఉంది. బతికిపోయాం తల్లీ అనుకున్నాను.

అప్పుడు ముందుగదిలోంచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూర్మారావు అన్నాడు:

"ముందల ఆ ఫేనెయ్యి. వాసన పోద్ది."

ఇరవై రెండేళ్ల కాపురంలో వరహాలమ్మ ఆయన చేత ఏదీ రెండోసారి చెప్పించుకోలేదు. చేతిలో ఏ పనున్నా వదిలేసి ముందు ఆయన చెప్పింది చేసేది. ఆ పొద్దునా అంతే. లేచి వెళ్లి స్విచ్చు నొక్కింది.

ఆ తరవాతది నా వల్ల కాదు, చెప్పలేను. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో రోజు లేదు.

కాలగా మిగిలిన నా ముక్కను ఫైరాఫీసరు ఏరి సంచిలో వేశాడు. కాగితం మీద రాసుకుంటూ, స్విచ్చు ఎవరు వేశారని అడిగాడు. కూర్మారావు కాలిన చేతి మీది కట్టు సర్దుకున్నాడు.

"తనే ఏసింది బాబూ."

అబద్ధం కాదు. వెయ్యమన్నదెవరని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆ మాట విన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఆఫీసు బీరువాలో, మెడకు చీటీ కట్టించుకుని పడున్నాను. చీటీ మీద కారణం రాశారు: గృహిణి అజాగ్రత్త.