రెండు గంటల పట్టీ

కళ్ళాసుపత్రిలో గోడ మీది అక్షరాల పట్టికలో మొదటి రెండు వరుసలూ మా ఉడత గడగడా చదివేసింది. మూడో వరుసలో ఉన్న అక్షరాన్ని చూసి కాసేపు ఆలోచించి, "కుర్చీ" అంది.

మా అత్తయ్య ఫక్కున నవ్వారు. డాక్టరమ్మ నవ్వకపోవడం చూసి ఆపేశారు.

ఉడత అసలు పేరు కాదు. కాలు ఒకచోట నిలవదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఐదేళ్ళ పిల్ల. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చదివిస్తే ఇదీ సంగతి. కళ్ళజోడు పెట్టి అప్పటికి రెండు నెలలు. కొంత మెరుగైంది, కొంత అక్కడే ఆగిపోయింది.

"కంటిలో జబ్బేం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "చిన్నప్పట్నుంచీ ఎడమ కన్ను మసక బొమ్మే పంపుతోంది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. కుడి కన్ను ఇంటి చాకిరీ అంతా చేస్తుంటే, ఎడమది కాలు మీద కాలేసుకు కూర్చుంది. అందుకని రోజూ రెండు గంటలు కుడి కంటికి పట్టీ వేయండి. ఎడమది పని నేర్చుకుంటుంది. ఈ వయసులోనే చేయాలి. ఏడెనిమిదేళ్ళు దాటితే కష్టమవుతుంది."

ఆ ఆఖరి మాట నా గుండెలో ముల్లులా దిగింది. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగాయి.

"రెండు గంటలేనా మేడమ్? బయట కూర్చున్నావిడ వాళ్ళబ్బాయికి ఆరు గంటలు వేస్తోందట."

"ఆ అబ్బాయి కన్ను వేరు కావచ్చు. మీ పాపలాంటి మధ్యరకం లోపమున్న పిల్లల్ని చాలామందిని తీసుకుని, చీటీలు తీసినట్టు విడదీసి, కొందరికి రెండు గంటలు, కొందరికి ఆరు గంటలు వేయించి చూశారు. నాలుగు నెలల తర్వాత, ఎవరు ఏ గుంపో తెలియనివాళ్ళ చేత చూపు కొలిపించారు. రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా బాగుపడ్డాయి. చాలకపోతే పెంచుదాం. పెంచడానికి దారి ఎప్పుడూ ఉంది."

"చీటీలెందుకండీ?"

"తల్లులనే ఎంచుకోమంటే, భయమెక్కువున్న తల్లులంతా ఆరు గంటల వైపే పోతారు కదమ్మా. అప్పుడు బాగుచేసింది పట్టీయో, ఆ తల్లి శ్రద్ధో ఎలా తేలుతుంది?"

నన్నే అన్నట్టనిపించింది. తలూపాను. తలూపడానికి చదువు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి సగంలో ఆగిపోయిన నాకు, తలూపి బయటికొచ్చాక సందేహపడటం అలవాటు. డబ్బున్నవాళ్ళకి ఆరు, మాలాంటివాళ్ళకి రెండు చాల్లే అనుకుందేమో. ఇంత పెద్ద లోపానికి ఇంత చిన్న మందేమిటి? పిల్ల పెద్దదై, "అప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు వేయొచ్చు కదమ్మా," అంటే ఏ మొహం పెట్టుకుని జవాబివ్వను?

నేను పనిచేసేది లాండ్రీలో, మధ్యాహ్నం షిఫ్టు, ఆదివారాలు కూడా. ఉడత పన్నెండింటికి బడి నుంచి వస్తుంది. నేను ఒంటిగంటకి బయల్దేరతాను. మరునాడు చెప్పులేసుకునే ముందు పిల్ల కుడి కంటికి పట్టీ అంటించి, దాని మీద కళ్ళజోడు పెట్టి, అత్తయ్యతో అన్నాను.

"ఏడింటికి తీయండి అత్తయ్యా."

ఆవిడ గడియారం వైపు చూశారు. నా వైపు చూశారు. "డాక్టరు రెండు గంటలందిగా?"

"ఆవిడకి వెయ్యి మంది పిల్లలు. నాకు ఒక్కతే."

"ఊఁ," అన్నారు అత్తయ్య. ఆవిడ ఊఁ అంటే సరేనని కాదు. ఆ సంగతి కాపురానికొచ్చి ఏడేళ్ళయినా నాకు ఒంటబట్టలేదు.

మొదటి వారం నరకం. పట్టీ వేసిన పిల్ల గుమ్మానికి గుద్దుకునేది, నీళ్ళ గ్లాసు అనుకుని గాలిని పట్టుకునేది. "నాకు రాత్రయిపోయింది," అని ఏడ్చేది. నేను ఆ ఏడుపు వింటూనే బస్సెక్కేదాన్ని. పట్టీ ఉన్నంతసేపూ దగ్గరి పని ఏదైనా చేయించమంది డాక్టరమ్మ. అందుకని మా మిషన్ల అడుగున దొరికే గుండీలు తెచ్చిచ్చాను. ఎవరి చొక్కాలవో, ఎవరూ అడగరు. పెద్దవి, చిన్నవి, రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి. అత్తయ్య వాటిని దారానికి గుచ్చించేవారు. రాత్రి నేను ఇంటికొచ్చేసరికి ఉడత నిద్రపోయేది. గోడ క్యాలెండరులో ఆ తేదీ మీద "6" అని రాసుకుని, హమ్మయ్య అనుకునేదాన్ని.

ఒకరోజు లాండ్రీలో కొత్తగా చేరిన అమ్మాయి దుప్పట్లలో పౌడరు రెండు డబ్బాలు గుమ్మరించింది.

"ఏయ్, ఒకటే! ఎక్కువేస్తే ఎక్కువ తెల్లనవుతాయనుకున్నావా?" అన్నాను.

"అవ్వవా అక్కా?"

ఆ ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను. మా మేస్త్రీని అందరం పెద్దక్క అంటాం. పెద్దక్క మాటతో చెప్పలేదు. ఒకేలా మాసిన ఇరవై దుప్పట్లు తీసి, నా కళ్ళు మూయించి, నా చేతే రెండు కుప్పలు చేయించింది. ఒక కుప్పకి ఒక డబ్బా, రెండో కుప్పకి రెండు. రెండో కుప్ప దుప్పట్ల మూలల్లో లోపలివైపు ఎర్రదారం కుట్టింది. ఉతికి ఆరేశాక, ఆ సంగతేమీ తెలియని ఇస్త్రీవాళ్ళని పిలిచి, ఏవి తెల్లగా ఉన్నాయో ఏరమంది. ఏరలేకపోయారు. రెండు డబ్బాలవి మాత్రం మూడుసార్లు జాడించినా జిగట పోలేదు.

ఇదంతా కొత్తమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. నా చెవికి మాత్రం ఎక్కలేదు. దుప్పటి వేరు, పిల్ల వేరు అనుకున్నాను.

మూడు నెలలకి మళ్ళీ వెళ్ళాం. ఉడత కుడి కన్ను మూసుకుని మూడో వరుస చదివింది. నాలుగోది చదివింది. ఐదో వరుసలో ఒక్కటే తప్పింది. "ఈసారి కుర్చీ ఎక్కడా లేదు," అంది నిరాశగా.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసుకుంటూ, "రోజూ రెండు గంటలేగా వేశారు?" అంది.

"రెండేనండి," అన్నాను.

"చాలా బాగా పనిచేసింది. ఇంకో మూడు నెలలు అదే రెండు గంటలు."

ఆరు గంటలు వేస్తే వచ్చిన చూపు, రెండుకి దింపితే పోదూ? అబద్ధమాడి ఆ గదిలోంచి బయటికి రావచ్చు. కానీ అబద్ధం మీద ఆవిడ రాసే చీటీ నా పిల్ల కంటికి పనికొస్తుందా?

"మేడమ్, క్షమించండి. రెండు కాదు. నేను ఆరు గంటలు వేయించాను. రోజూ."

డాక్టరమ్మ కలం ఆపింది. కోప్పడలేదు. "చెప్పినందుకు మంచిదమ్మా. నాకు నిజం కావాలి. ఆరు గంటలకి ఇంత వచ్చిందంటే నేను ఆలోచించాల్సింది వేరు, రెండు గంటలకి ఇంత వచ్చిందంటే వేరు."

"రెండే," అన్నారు వెనక కుర్చీలోంచి అత్తయ్య.

ముగ్గురం తిరిగి చూశాం. ఆవిడ సంచిలోంచి పాత డైరీ తీశారు. రోజుకో పేజీ. పేజీకో వాడేసిన పట్టీ అంటించి ఉంది. దాని కింద పెన్సిలుతో, వంకర అక్షరాలతో: ఒంటిగంట నుంచి మూడు. ఒంటిగంట నుంచి మూడు. ఒకచోట మాత్రం, ఒంటిగంట నుంచి రెండుంబావు, జ్వరం.

"నేను చెప్పలేదమ్మా!" అంది ఉడత భయంగా. "నానమ్మే చెప్పింది! నేను ఒక్కసారి కూడా చెప్పలేదు!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. డైరీ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. "ఇంత నిక్కచ్చిగా నా దగ్గరెవరూ రాయరు. చూడమ్మా, ఒక్క పిల్లతో లోకానికంతటికీ రుజువు దొరకదు. కొందరికి రెండు చాలవు, పెంచాల్సి వస్తుంది. కానీ ఈ పిల్లకి మాత్రం రెండు చాలుతున్నాయి. ఇందులోనే ఉంది."

బస్టాపులో కూర్చున్నాం. ముందు నాకు ఒళ్ళు మండింది.

"నా వెనక ఇంత నాటకమా అత్తయ్యా?"

"నువ్వు డాక్టరు వెనక ఆడావు. నేను నీ వెనక ఆడాను. నా వెనక ఆడటానికి ఇదిగో, ఈ ఉడత తయారవుతోంది."

"ఒకవేళ కన్ను బాగుపడకపోయుంటే?"

ఆవిడ సంచి మూతి రెండుసార్లు ముడేశారు, విప్పారు.

"అందుకే కదే డైరీ. బాగుపడకపోతే తప్పు నీది కాదు, నాదని చూపించాలిగా." ఆగి అన్నారు. "నీ మొగుడు ఇంత పిల్లాడప్పుడు, దగ్గు తొందరగా తగ్గాలని మందు రెట్టింపు పోశాను. రోజున్నర లేవలేదు వాడు. పక్కన కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నా. ఆ రోజు నుంచి ఎవరైనా రెండంటే నాకు రెండే వినిపిస్తుంది."

ఏడేళ్ళలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. మూడు నెలలు రోజూ, పిల్ల చూపు బరువంతా ఒక్కతే మోశారు. భయం నాదొక్కదానిదే అనుకున్నాను. నా భయానికి పట్టీ వేసి, తన భయాన్ని పెన్సిలుతో రాసుకున్నారు. దణ్ణం పెడదామనుకున్నాను. బస్టాపులో ఏం బావుంటుందని ఆవిడ సంచి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"బరువేం లేదే," అన్నారు.

"తెలుసు అత్తయ్యా. అయినా ఉండనీండి."

మరునాడు నేను సెలవు పెట్టాను. మొదటిసారి ఆ రెండు గంటలూ పూర్తిగా చూశాను. పట్టీ వేసుకున్న ఉడత నాలుక బయటపెట్టి, అన్నిటికన్నా చిన్న గుండీని వేళ్ళ మధ్య పట్టుకుని, దారం చివర తడిచేసి చిల్లులోకి దూర్చింది. ఒక్కసారికే దూరింది. నాకంటే త్వరగా.

గడియారం మూడు కొట్టింది. ఇంకొక్క గుండీ అయ్యేదాకా ఆగితే పోయేదేముందని నా చెయ్యి అంది. అత్తయ్య తడి దూది నా చేతికిచ్చి, "అంచు తడిపి మెల్లగా తీయి. లాగితే చర్మం మండుతుంది," అన్నారు.

తీశాను. ఉడత రెండు కళ్ళూ చికిలించి నన్ను చూసి, మళ్ళీ గుండీల వైపు తిరిగింది. అత్తయ్య డైరీ తెరిచి, పెన్సిలు నా ముందు పెట్టారు.