గడియ తీసిన చెయ్యి

మిసో అనే సోయా ముద్ద డబ్బాలకి అంటించే చీటీ మీద వంకాయ బొమ్మ గీస్తోంది మినెకో. వంకాయ మీద మెరుపు ఎక్కడ పెట్టాలో తేలక చిరాగ్గా ఉన్నప్పుడే, మత్సుమోతో పట్నం నుంచి వచ్చానంటూ ఒకమ్మాయి గుమ్మంలో నిలబడి నడుం దాకా వంగింది. పేరు కురొయివా అంది. చిన్న ప్రచురణ సంస్థలో ఎడిటర్నంది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

“సెన్సే, ‘తెల్లదారం’ మొత్తం ఒకే పుస్తకంగా వేద్దామనుకుంటున్నాం. మీరు చివరి భాగం గియ్యాలి. కాదనకండి. మా అక్క అలమారలో దాచుకున్న పత్రికల్లో చదివాన్నేను. చదివి ఆ ఏడాదంతా ఒక్కదాన్నే బాత్రూంకి వెళ్లలేదు.”

తనని ఎవరైనా సెన్సే, అంటే గురువుగారూ, అని పిలిచి ఎన్నేళ్లయిందో! మిసో ఫ్యాక్టరీలో అందరూ మినెకోగారూ అంటారు. యజమాని తల్లి మాత్రం ‘బొమ్మలమ్మాయి’ అంటుంది. అరవై దాటిన బొమ్మలమ్మాయి.

‘తెల్లదారం’ ఆడపిల్లల మాసపత్రికలో వచ్చిన బొమ్మల కథ. కొండల నడుమ ఒక పట్టు మిల్లు. పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు పగలంతా మరుగుతున్న నీళ్లలోంచి పట్టుకాయలు తీసి దారం లాగుతారు, రాత్రి బయట గడియ వేసిన గదిలో పడుకుంటారు. మంచు పడ్డ రాత్రుల్లో ఆ గడియ దానంతటదే తెరుచుకుంటుంది. తెల్లారేసరికి ఒక పిల్ల ఉండదు. పరుపు మీద ఒక తెల్లటి దారప్పోగు మాత్రం ఉంటుంది. పిల్లల్ని ఎవరు తీసుకుపోతున్నారు? యజమానా? కుంటి వంటవాడు గెన్జోనా? దారం లాగే మరుగునీళ్ల తొట్టిలో పడి చచ్చిన పాతకాలపు పిల్ల దయ్యమా? నెలనెలా చదివేవాళ్లు వణికిపోయారు. తర్వాతి నెలలో తేలిపోతుందనగా పత్రిక మూతపడింది. అంతే. గెన్జో కత్తి పట్టుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడ్డవాడు ముప్పై ఏళ్లుగా అక్కడే నిలబడి ఉన్నాడు.

“కథ నాది కాదమ్మా,” అంది మినెకో. “నేను బొమ్మలు గీసిందాన్ని. కథ తమాయెది. ఆవిణ్ణి అడగాలి.”

“మీరే అడగండి సెన్సే. నాకు భయం.”

ఆ భయం ఎందుకో మినెకోకి తెలుసు. సాయంత్రం ఫోన్ చేసింది.

“నేనే, మినెకోని.”

“ఏ మినెకో? కొత్త సంవత్సరానికి ఒక కార్డు ముక్క పడేసి మిగతా ఏడాదంతా చచ్చిపోయే మినెకోనా?” అంది అవతల నుంచి తమాయె. ఒసాకా యాసలో పలికే గొంతు. ఎన్నాళ్లు టోక్యోలో ఉన్నా మారని గొంతు. ఆ గొంతు విన్నాక మినెకోకి చెప్పదలుచుకున్నది చెప్పడం తేలికైంది. తర్వాత, “రైలెక్కుతా. నీ ఊళ్లో ఆ ఉప్పు ఆవకూర పచ్చడి ఇంకా అమ్ముతున్నారా?” అని వినిపించింది.

తమాయె వచ్చిన రోజు ఇంటి ముందు సరస్సు మీద ఎండ ఉంది గానీ వెచ్చదనం లేదు. జుట్టు తెల్లబడింది, ఒళ్లు సగమైంది, నోరు మాత్రం అలాగే ఉంది. “ఇదేంటే, ఇల్లంతా వంకాయలు గీసిపెట్టావు? దయ్యాల్ని పోషించలేక కూరగాయల్లోకి దిగావా?” అంటూ లోపలికొచ్చి, కింద కుంపటి పెట్టిన బల్ల దుప్పట్లోకి కాళ్లు దూర్చింది.

ఆ దుప్పట్లో నాలుగు కాళ్లు తగులుకోగానే ఇద్దరికీ టోక్యోలో కలిసున్న, ఆరు చాపలు పరిస్తే నిండిపోయే ఆ గది గుర్తొచ్చింది. కింద చేపలు కాల్చే కొట్టు. ఏ పేజీ చూసినా చేప వాసనే. తమాయె కథ రాసి ఇచ్చేది కాదు, ఆడి చూపించేది. దుప్పటి నెత్తిన కప్పుకుని, మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, మినెకో చెవిలో దయ్యం గొంతుతో మాట్లాడేది. “ఇక్కడ తలుపు సగమే తెరుచుకుంటుంది. పేజీ అడుగున, ఎడమ మూల. మిగతా సగం పేజీ తిప్పితే గానీ కనపడకూడదు. తిప్పే వేలు వణకాలే వాళ్లకి!” అనేది. మినెకో అదంతా సన్నటి గీతలుగా మార్చేది. నలుపుని ఒక్కసారిగా పూసెయ్యడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. గీత మీద గీత, అడ్డంగా మళ్లీ గీత, చీకటి నేసినట్టు నేసేది. దగ్గర్నుంచి చూస్తే చీకట్లో కూడా సందులుండేవి. ఆ సందుల్లో ఎవరో ఉన్నట్టుండేది. ఇంకు ఆరేదాకా పేజీల్ని గోడవైపు తిప్పి ఆనించి, ఇద్దరూ గిన్నె, సబ్బు పట్టుకుని వీధి చివర ఉమ్మడి స్నానాల ఇంటికి పోయేవాళ్లు. తను గీసిన దాన్ని చూసి తనే భయపడేది కాబట్టి అలా తిప్పి పెట్టేది మినెకో. ఆ సంగతి తమాయె పత్రికాఫీసులో అందరికీ చెప్పి పరువు తీసింది.

“ఎంత బాగుండేదే,” అంది తమాయె పచ్చడి నములుతూ.

“చలికి చచ్చేవాళ్లం.”

“అదే చెబుతున్నా. ఎంత బాగుండేదో.”

మర్నాడు పొద్దున్నే మినెకో పాత పేజీలన్నీ గదిలో పరిచింది. కొత్త కాగితాలు తీసింది. పెన్నుకి కొత్త పాళీ పెట్టింది. “ఊఁ, చెప్పు. గడియ తీసేదెవరు?” అంది.

తమాయె కిటికీలోంచి సరస్సు కేసి చూసింది. టీ తాగింది. కప్పులో ఏమీ లేకపోయినా మళ్లీ తాగింది.

“తమాయె?”

“నాకు తెలీదే.”

“అంటే? మర్చిపోయావా?”

“మర్చిపోవడానికి ఎప్పుడైనా తెలిస్తే కదా! వచ్చే నెలకి తడుతుందిలే అనుకుంటూ వచ్చాను. ప్రతి నెలా అదే. పత్రిక మూసేశారని ఫోనొచ్చినప్పుడు నువ్వు ఏడ్చావు గుర్తుందా? నేను స్నానాల ఇంటికెళ్లి నీళ్లల్లో మునిగి నవ్వుకున్నాను, బతికిపోయాన్రా దేవుడా అని. ఆ తర్వాత ఎవరడిగినా ‘చెప్తే మజా ఏముంటుంది’ అని మీసం మెలేశాను. రేడియో నాటకాలు రాసినన్నాళ్లూ ఒకటే నియమం పెట్టుకున్నా, దొంగెవరో తెలీకుండా మొదటి వాక్యం రాయకూడదని. దేని దెబ్బకనుకున్నావు?”

మినెకో నవ్వలేదు. పేజీల మధ్య మోకాళ్ల మీద జరుగుతూ ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది, మరొకటి తీసి తమాయె ముందు పెట్టింది. మూడింట్లోనూ చీకట్లోంచి వచ్చి గడియ లాగుతున్న చెయ్యి. తమాయె అప్పట్లో చెప్పింది ‘ఒక చెయ్యి’ అనే. ఆ చేతికి ఉంగరం వేలు కణుపు దగ్గర లోపలికి వంగిపోయి ఉంది.

తర్వాత ఇంకో పేజీ పెట్టింది. అందులో పిల్లల గదికి పెద్దదిక్కు తోమె, పిల్లలంతా అమ్మలా చూసుకునే తోమె, నవ్వుతూ అన్నం వడ్డిస్తోంది. గరిటె పట్టుకున్న చేతికి అదే వేలు. అదే వంపు.

తమాయె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. “తోమెనా?”

“నువ్వు చెయ్యి అన్నావు. ఎవరిదో తెలీకుండా చెయ్యెలా గియ్యను? ముసలిదో పడుచుదో, మొగచెయ్యో ఆడచెయ్యో తెలియాలిగా. అందుకని అనుకున్నాను. పిల్లల్ని చంపడం లేదు తోమె. గడియ తీసి పారిపోనిస్తోంది. దారప్పోగు, దయ్యం కథ అన్నీ తనే పుట్టించింది, మిల్లు వాళ్లు వెతక్కుండా.”

“మొదట్నుంచీనా?”

“రెండో నెల నుంచి.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వడగలేదుగా. నీ మనసులో వేరే ఎవరో ఉన్నారనుకున్నా. నీ కథ తోమె దగ్గరికి రాకపోతే అది ఉత్త వేలుగా ఉండిపోతుంది, ఎవరికేం నష్టమని ఊరుకున్నా.”

తమాయె మొహం ఎర్రబడింది. లేచి కోటు వేసుకుంది. “నేను ఆ గెన్జోగాడి చుట్టూ తిరుగుతుంటే, నా పక్కనే కూర్చుని, నా కథ నువ్వు రాసేశావన్నమాట!” అని విసురుగా బయటికి పోయింది. మినెకో ఆపలేదు. తమాయె కోపం చలిలో ఎక్కువసేపు నిలవదని ఆమెకి పాత అనుభవం. అనుకున్నట్టే కాల్చిన చిలగడదుంపలు పొట్లం కట్టించుకుని తిరిగొచ్చింది.

“బాగుందే,” అంది దుంప తుంచి మినెకో చేతిలో పెడుతూ. “నాకు తట్టలేదని ఒళ్లు మండింది గానీ, బాగుంది. కానీ ఒక్కటి చెప్పు. అందరూ పారిపోయి హాయిగా ఇళ్లు చేరితే, భయం ఏదే? చదివేవాళ్లు మనల్ని రాళ్లుచ్చుకు కొడతారు.”

మినెకో దుంప తినలేదు. ఆ వేలు ఎవరిదో అప్పుడు చెప్పింది.

అది వాళ్ల షిగె అత్తది. మినెకోని పెంచింది ఆవిడే. చిన్నతనంలో ఈ సరస్సు పక్క మిల్లుల్లోనే దారం లాగింది. మరిగే నీళ్లకి వేలు కాలి అలా ముడుచుకుపోయింది. మిల్లు గురించి అత్త ఎప్పుడూ మాట్లాడేది కాదు. తొలి మంచు పడ్డ రోజున మాత్రం కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. ఒక్కసారి, ఎండబెట్టడానికి పండ్లు చెక్కు తీస్తూ, ఎవరూ అడక్కుండానే చెప్పింది. “కొందరం పారిపోయాం. కనుమ దగ్గర గాలివాన, మంచు. ఒకళ్లని ఒకళ్లం నడుములకి తాడుతో కట్టుకున్నాం. ముందున్నదాని వీపు తప్ప ఏమీ కనపడలేదు. దిగాక వెనక్కి తిరిగాను. నా వెనక తాడు ఖాళీగా ఉంది.” అంతే చెప్పి, చెక్కు తీసిన పండుని దారానికి గుచ్చింది.

“ఎవరా వెనకున్నది?” అంది తమాయె.

“చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ మాట నీకెలా చెప్పను? వేలొక్కటే గీశాను.”

తమాయె కళ్లు తుడుచుకోలేదు. కన్నీళ్లు చెంపల మీద అలాగే వదిలేసింది. “తోమె కూడా ఒకప్పుడు ఆ కనుమ దారిన నడిచిందే,” అంది మెల్లగా. ఆ గొంతు మినెకోకి తెలుసు. దుప్పటి కప్పుకుని పాక్కుంటూ వచ్చేముందు వచ్చే గొంతు అది. “అందుకే పిల్లల్ని వదుల్తోంది. వదిలిన వాళ్లలో కొందరు కనుమ దాటడం లేదని తోమెకి తెలుసు. తెలిసీ గడియ తీస్తోంది. లోపలుంటే మెల్లగా చస్తారు, బయటికెళ్తే చావచ్చు, బతకచ్చు. ఏ పిల్లకి గడియ తియ్యాలో ఆవిడే ఎంచుకోవాలి. ఇంతకన్నా భయం ఏముందే? మినెకో... ఆ తాడు నేను రాయనా?”

“రాయి. కానీ భయపెట్టేలా రాయి. జాలిపడేలా రాశావంటే అత్త లేచొచ్చి ఇద్దర్నీ తంతుంది.”

పని మొదలయ్యాక ఇంకో చిక్కు తేలింది. మినెకో చెయ్యి పాత చెయ్యి కాదు. సన్నటి గీతలు నాలుగు గీసేసరికి ఐదోది వణికి పక్క గీతలోకి పోతోంది. చీకటి నెయ్యడానికి కూర్చుంటే చీకటి చిరిగిపోతోంది. పాడైన కాగితాలు గది మూల కుప్పపడ్డాయి. కురొయివా ఫోన్ చేసి, కుర్రవాళ్లనెవరినైనా సాయం పంపనా సెన్సే అంది. వద్దంది మినెకో.

ఒకరోజు తెల్లారేసరికి సరస్సు, కొండలు, ఎదుటి ఇళ్ల పెంకులు అన్నీ తెల్లగా ఉన్నాయి. మినెకో చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికొచ్చి కుంచె ముంచి, ఖాళీ కాగితం మధ్యలో వంకరటింకర గీత ఒకటి లాగింది. తాడు. దాని చివర ఏమీ గియ్యలేదు.

తమాయె చూసి ఒకడుగు వెనక్కి వేసింది. “గోడవైపు తిప్పి పెట్టవే దాన్ని,” అంది.

చివరి భాగమంతా అలాగే వచ్చింది. మిల్లు లోపలి పాత నలుపు పేజీ పేజీకీ తరిగిపోయి, కనుమ చేరేసరికి కాగితం దాదాపు ఖాళీ. తాడు కట్టుకుని నడిచే ఓహారు, కిచి, మిగతా పిల్లల చుట్టూ వణికిన గీతలు గాలికి వణికినట్టే ఉన్నాయి. గడియ తీసిన తోమె చెయ్యి తలుపు మీదే ఉంది, వెనక్కి రాలేదు. ఆఖరి పేజీలో ఒకే ఒక్క పిల్ల, తలకి గుడ్డ చుట్టుకుని, మొహం కనపడకుండా, కనుమ అవతలి వైపు దిగుతోంది.

వసంతంలో పుస్తకం వచ్చింది. గొప్పగా అమ్ముడుపోలేదు, అలాగని మూల పడీ లేదు. మత్సుమోతోలో ఒక పుస్తకాల కొట్టువాళ్లు పిలిస్తే ఇద్దరూ వెళ్లారు. వచ్చినవాళ్లంతా దాదాపు నడివయసు ఆడవాళ్లే. ఒకావిడ లేచి నిలబడి గట్టిగా కోప్పడింది. “నేను స్కూల్లో చదువుకునేటప్పట్నుంచీ గెన్జోనే అనుమానించానండీ! కుంటివాణ్ణి చూస్తే చాలు రోడ్డు దాటిపోయేదాన్ని. పాపం అతనికి క్షమాపణ ఎలా చెప్పను?” అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా అంది, “తోమె వేలు చూపించాక వెనక్కెళ్లి అన్ని పేజీలూ మళ్లీ చూశాను. నా పరుపు మీద దుప్పట్లో టార్చిలైటుతో చదివిన పేజీలే. అప్పుడు మా అమ్మ ఉండేది. గదిలో దీపం ఆర్పడానికి వచ్చి, నాకు భయమని ఆర్పకుండా పోయేది.” చాలామంది తలలు దించుకున్నారు. ఎవరి ఇల్లు వాళ్లకి గుర్తొచ్చినట్టుంది.

ఆవిడ కూర్చోబోతూ మళ్లీ లేచింది. “ఒక్క సందేహం సెన్సే. ఆఖర్న కనుమ దిగిన పిల్ల ఎవరు?”

“ఓహారు,” అంది తమాయె.

“కిచి,” అంది మినెకో, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

“కిచి ఎలా అవుతుందే? కిచికి జ్వరం అని నేను రాయలేదూ?”

“జ్వరం తగ్గింది. నడక చూడు, కిచి నడకే.”

“మొహమే లేని పిల్లకి నడకేంటే!”

కురొయివా మధ్యలో దూరబోయి, చేతకాక టీ తెప్పించడానికి వెళ్లింది. సభ ముగిసినా, స్టేషన్‌కి నడుస్తున్నంతసేపూ, ప్లాట్‌ఫాం మీది నూడుల్స్ కొట్టు బల్ల ముందు నిలబడి తింటున్నంతసేపూ ఆ తగువు తెగలేదు. తిరుగు రైలు వచ్చి ఆగి తలుపులు తెరిచేసరికి, తమాయె ఇంకా చాప్‌స్టిక్స్ గాల్లో ఊపుతూ ఓహారు పక్షాన వాదిస్తూనే ఉంది.